పాతకాలపు కస్టమ్ రైఫిల్ ఎంపిక: గొట్టం మీది పేరు, కర్రలోని పనితనం

పన్నెండేళ్ళ కిందట పెన్సిల్వేనియాలో ఒక పాత ఆయుధాల ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, ఒకే వ్యాపారి బల్ల మీద రెండు రైఫిళ్ళు పక్కపక్కన కనిపించాయి. ఒకదాని గొట్టం మీద లండన్‌లోని పేరుమోసిన సంస్థ చిరునామా చెక్కి ఉంది. రెండవదాని మీద ఎవరి పేరూ లేదు. అమెరికా సైన్యపు 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌ను తీసుకుని, 1930ల ప్రాంతంలో ఎవరో అజ్ఞాత పనివాడు దానికి అక్రోటు కర్రతో కొత్త స్టాక్ (భుజానికి ఆన్చి పట్టుకునే కర్ర భాగం) చేసి, ఇనుమును నునుపు చేసి, వేటగాడి చేతికి తగినట్టు మలిచిన తుపాకి అది. లండన్ రైఫిల్ ధర దానికి నాలుగింతలు. నేను పేరు చూసి లండన్ రైఫిల్‌నే కొన్నాను. ఇంటికి తెచ్చి మంచి వెలుతురులో భూతద్దం పెట్టి చూసేసరికి, స్టాక్‌ను ఎవరో గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెట్టారనీ, గొట్టానికి కొత్తగా నల్లపూత పట్టించారనీ, బోల్ట్ వెనక కర్రలో ఉన్న పగులును జిగురుతో నింపి రంగు కలిపి కప్పేశారనీ తెలిసింది. అమ్మినవాడికి ఆ సంగతి తెలియదనుకోవడానికి వీల్లేదు. పేరులేని స్ప్రింగ్‌ఫీల్డ్ మరుసటి ఏడాది కూడా అదే బల్ల మీద ఉంది. అప్పుడు దాన్ని కొన్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ రెండు కొనుగోళ్ళ మధ్య నేర్చుకున్నదాన్ని, పాత రైఫిళ్ళ మీద ఆసక్తి ఉండి మొదటిది ఏది కొనాలో, లేదా కొనకపోయినా వాటిలో ఏమి చూడాలో తేల్చుకోలేకపోతున్న వారి కోసం ఇక్కడ రాస్తున్నాను. కస్టమ్ రైఫిల్ అంటే కొన్నవాడి కొలతలకూ కోరికకూ తగ్గట్టు చేసిన రైఫిల్ అని అర్థం. సాధారణంగా యాక్షన్, అంటే బోల్టూ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) రిసీవరూ (ఆ కడ్డీ ఇమిడే ఉక్కు చట్రం) ఉన్న మధ్యభాగం, ఏదో పెద్ద కర్మాగారంలో తయారవుతుంది. గొట్టం, స్టాక్, గురిచూసే సైట్లు, పైపూత, నగిషీ మాత్రం చేతిపనివారు చేస్తారు. కాబట్టి ఒక కస్టమ్ రైఫిల్‌ను అంచనా కట్టడమంటే, నిజానికి, కర్మాగారం పని ఎక్కడ ఆగిందో, చేతిపని ఎక్కడ మొదలైందో గుర్తించగలగడమే.

లండన్, బర్మింగ్‌హామ్ మ్యాగజైన్ రైఫిళ్ళు

బ్రిటిష్ బోల్ట్ రైఫిళ్ళ గురించి మాట్లాడాలంటే జర్మనీలోని ఓబర్న్‌డోర్ఫ్ నుంచి మొదలుపెట్టాలి. పాల్ మౌజర్ రూపొందించి, 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన యాక్షనే ఈ రైఫిళ్ళలో చాలావాటికి గుండెకాయ. బోల్ట్ పక్కన పొడవుగా ఉండే ఉక్కు పంజా, తూటా మ్యాగజైన్ (తూటాలు నింపే అర) నుంచి పైకి లేస్తున్నప్పుడే దాని అంచును పట్టుకుని గొట్టంలోకి తీసుకుపోతుంది. పేలిన తరువాత ఖాళీ గుల్లను వెనక్కి లాగేదాకా వదలదు. కంగారులో బోల్ట్‌ను సగం తోసి వెనక్కి లాగినా రెండు తూటాలు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుపోవు. ఎదురుగా పులి గానీ అడవిదున్న గానీ ఉన్నవాడికి ఆ హామీ కంటే విలువైనది ఇంకేముంటుంది?

1775లో డబ్లిన్‌లో మొదలై తరువాత లండన్‌కు మారిన రిగ్బీ సంస్థ, 1890ల చివరి నుంచి 1912 వరకు బ్రిటన్‌లో మౌజర్ యాక్షన్లకు ఏకైక ప్రతినిధిగా ఉంది. 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటానే ఆ సంస్థ .275 రిగ్బీ అనే పేరుతో అమ్మింది. పెద్ద జంతువుల కోసం పెద్ద మౌజర్ యాక్షన్ మీద.416 రిగ్బీని 1911లో తెచ్చింది. 1835లో మొదలైన హాలండ్ అండ్ హాలండ్ 1912లో తెచ్చిన .375 మాగ్నమ్ తూటా ఈనాటికీ వాడుకలో ఉంది. ఆ తూటా గుల్ల ముందుకు పోయేకొద్దీ సన్నబడుతూ, భుజం దగ్గర మెల్లగా వాలుతూ ఉండటానికి కారణం ఉంది: అప్పటి కార్డైట్ అనే పేలుడు మందు వేడి దేశాల్లో ఎక్కువ పీడనాన్ని పుట్టించేది, గుల్ల గొట్టంలో బిగుసుకుపోయే ప్రమాదం ఉండేది, సన్నబడే ఆకారం ఉంటే అది సులువుగా బయటికి వచ్చేది. మన ఎండలు ఒక ఆంగ్ల తూటా ఆకారాన్ని కొంతవరకు నిర్ణయించాయని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఈ సంస్థల పేర్ల గురించి కొనేవాడికి తెలియవలసిన సంగతి ఒకటుంది. బ్రిటిష్ తుపాకుల పని ఎప్పుడూ పంచుకుని చేసిన పని. గొట్టం చేసేవాడొకడు, యాక్షన్‌ను ఆకురాయితో సవరించేవాడొకడు, స్టాక్ చెక్కేవాడొకడు, నగిషీ పనివాడొకడు, అన్నీ కలిపి చివరి మెరుగు దిద్దేవాడొకడు. వీరిలో కొందరు సంస్థ జీతగాళ్ళు, కొందరు బర్మింగ్‌హామ్ వీధుల్లో సొంత కొట్లు పెట్టుకుని ఎవరు పని ఇస్తే వారికి చేసిన కూలి పనివారు. అందుచేత గొట్టం మీది పేరు, ఆ పనికి పూచీ పడిన సంస్థ పేరే తప్ప పని చేసిన చేతి పేరు కాదు. పెద్ద సంస్థ పేరున్న రైఫిల్ పెద్ద సంస్థ ప్రమాణాలకు తగ్గట్టు ఉంటుందనుకోవడం సబబే, కాని అది వారి దగ్గర నుంచి బయటికి వెళ్ళిన రోజు మాట. ఆ తరువాత వందేళ్ళలో ఎంతమంది చేతులు మారిందో గొట్టం చెప్పదు.

ఎంపికగా చూస్తే బ్రిటిష్ మ్యాగజైన్ రైఫిల్ గొప్ప లక్షణం మితత్వం. అలంకారం తక్కువ, బరువు తూకంగా ఉంటుంది, స్టాక్ ముందు కొసకు నల్ల కొమ్ము తొడుగు, గొట్టం మీద నిలబెట్టిన ఒక ఆకు సైటూ దాని పక్కన దూరాన్ని బట్టి మడిచి లేపే మరికొన్ని ఆకులూ, అంతే. వేటగాడు జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తర ప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతం) లెఫ్టినెంట్ గవర్నర్ బహూకరించిన .275 రిగ్బీ ఇందుకు మంచి ఉదాహరణ. స్టాక్‌లో పొదిగిన బహుమాన ఫలకాన్ని మినహాయిస్తే అది సాదా పనిముట్టు. ఇప్పుడు రిగ్బీ సంస్థ దగ్గరే ఉన్న ఆ రైఫిల్ విలువంతా దాని చరిత్రలోనే ఉంది. చాలామంది అనుకున్నట్టు చంపావత్ పులిని చంపినది ఆ రైఫిల్ కాదు, ఆ పులి చచ్చిన తరువాత వచ్చిన బహుమానం అది.

రెండు గొట్టాల రైఫిల్: మెచ్చుకోవడం వేరు, కొనడం వేరు

పనితనంలో అన్నిటికంటే కష్టమైనది రెండు గొట్టాల రైఫిల్. పక్కపక్కనున్న రెండు గొట్టాల నుంచి వెళ్ళిన గుళ్ళు వేటదూరంలో ఒకేచోట తగిలేటట్టు చేయడం లెక్కకు లొంగే విషయం కాదు. గొట్టాలను టంకంతో కలిపి, పేల్చి చూసి, గుళ్ళు విడిపోతుంటే లేదా ఒకదానినొకటి దాటిపోతుంటే, టంకాన్ని వేడితో మెత్తబరిచి, మూతుల మధ్యనున్న సన్నని చీలను ఆవగింజంత జరిపి, మళ్ళీ కలిపి, మళ్ళీ పేల్చాలి. ఇది ఎన్నిసార్లు జరుగుతుందో పని మొదలుపెట్టేవాడికి కూడా తెలియదు. అంత శ్రమపడి కుదిర్చిన గురి ఒక్క రకం తూటాకే కుదురుతుంది. గుండు బరువు మారినా, మందు మారినా గొట్టాలు మళ్ళీ ఎడముఖం పెడముఖమవుతాయి.

ఇక్కడ భారతదేశానికి నేరుగా సంబంధించిన కథ ఒకటి ఉంది. సైన్యపు .450 బోరు (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) మార్టినీ-హెన్రీ రైఫిళ్ళు తిరుగుబాటుదారుల చేతికి చిక్కితే వాటిలో వాడుకోవడానికి తూటాలు దొరకకూడదన్న ఉద్దేశంతో, 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరు తూటాలను భారతదేశానికీ సూడాన్‌కూ రానివ్వకుండా నిషేధించింది. అప్పటిదాకా పెద్ద జంతువుల వేటలో .450 రైఫిళ్ళు బాగా వాడుకలో ఉండేవి. ఇండియా మార్కెట్‌ను వదులుకోలేని తయారీదారులు బోరును కొంచెం పెంచి .470, .475, .500/.465 వంటి కొత్త తూటాలు తీసుకొచ్చారు. అందువల్ల సంస్థానాల కోసం చేయించిన రైఫిళ్ళలో ఈ వింత కొలతలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. బోరును బట్టి రైఫిల్ నిషేధానికి ముందుదో తరువాతదో కొంతవరకు ఊహించవచ్చు. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ పులితో తీయించుకున్న ఛాయాచిత్రం ఉంది. అది ఈ నిషేధానికి ముందరి కాలం.

మొదటి రైఫిల్‌గా రెండు గొట్టాల రైఫిల్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను. ధర కార్ల ధరలను దాటి ఇళ్ళ ధరల వైపు వెళుతుంది, తూటాలు దొరకడం కష్టం, టంకం ఎక్కడైనా విడిందంటే బాగుచేయగలవారు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. మెచ్చుకోవడానికి మటుకు దీన్ని మించినది లేదు. ఎవరిదైనా చేతికిస్తే రెండు చేతులతో తీసుకుని చూసి, జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి.

రెండు యుద్ధాల మధ్య అమెరికా పనివారు

నా ఇష్టం ఇక్కడ ఉందని ముందే ఒప్పుకుంటాను. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు తీసుకువెళ్ళిన రైఫిళ్ళలో వేటకు మలిచిన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటి. ఆ యాత్ర గురించి చదివిన న్యూయార్క్ వడ్రంగి సీమోర్ గ్రిఫిన్ తనకూ అలాంటిది కావాలని ఒక స్ప్రింగ్‌ఫీల్డ్ కొని, దానికి సొంతంగా స్టాక్ చేసుకున్నాడు. అది చూసినవాళ్ళు మాకూ చేయమన్నారు. ఆ దారిలో 1923లో జేమ్స్ హోవ్ అనే లోహపు పనివాడితో కలిసి గ్రిఫిన్ అండ్ హోవ్ సంస్థ పుట్టింది. హోవ్ నెలల్లోనే విడిపోయి హాఫ్‌మన్ ఆర్మ్స్ అనే మరో సంస్థకు వెళ్ళిపోయినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. 1930లో ఆ సంస్థను అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ కొనుక్కుంది. గొట్టం మీద ముద్రించిన సంఖ్యను బట్టి పాత దస్తావేజుల్లో ఆ రైఫిల్ పుట్టుపూర్వోత్తరాలు వెతికించుకునే వీలుండటం ఈ రైఫిళ్ళకు పెద్ద అనుకూలత. లండన్ పెద్ద సంస్థలకూ ఇలాంటి లెడ్జర్లు ఉన్నాయి. కొనేముందు సంఖ్య రాసి పంపించి, జవాబు వచ్చేదాకా డబ్బు ఇవ్వకుండా ఆగండి.

గ్రిఫిన్ వడ్రంగి కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. అమెరికా రైఫిల్‌లో కర్రపనే ముందుకు వస్తుంది. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను చూసి ఏ కొసన కుండ, ఏ కొసన దండి వస్తాయో నిర్ణయించుకునే వీణ పనివారిలాగే, మంచి స్టాక్ పనివాడు అక్రోటు పలకలో కర్ర చార ఎటు నడుస్తోందో చూసి, చేతితో పట్టుకునే సన్నని భాగంలో చారలు సూటిగా, వెనక బట్ (భుజానికి ఆనే కొస) వైపు మెలికలు తిరిగేటట్టు గీస్తాడు. అందం వెనక, బలం ముందర. పట్టుకునే చోట చార అడ్డంగా తెగిన స్టాక్ ఎంత అందంగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు చీలే ప్రమాదం ఉంటుంది.

అయితే స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళలో ఒక నిజమైన ప్రమాదం ఉంది. ఎంత సొగసైన రైఫిల్ అయినా ఈ ఒక్క విషయం దగ్గర ఆగాల్సిందే. తొలి రిసీవర్లను కొలిమిలో వేడి చేసేటప్పుడు ఎంత వేడెక్కిందన్నది పనివాడు ఉక్కు రంగు చూసి కంటితో నిర్ణయించేవాడు. ఎండకాసే రోజు ఒక రంగు, మబ్బు రోజు ఇంకో రంగు కనిపిస్తుంది. అలా అతివేడికి గురైన కొన్ని రిసీవర్లు పెళుసుబారి, పేల్చినప్పుడు గాజులా పగిలిపోయాయి. 1918లో పద్ధతి మార్చారు. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారపు రిసీవర్ సంఖ్య 8,00,000 కంటే తక్కువ ఉన్నా, రాక్ ఐలండ్ కర్మాగారపు సంఖ్య 2,85,507 కంటే తక్కువ ఉన్నా అది తక్కువ సంఖ్యల రైఫిల్ కింద లెక్క. తొలినాళ్ళ అందమైన స్పోర్టర్లలో (వేటకు మలిచిన సైనిక రైఫిళ్ళలో) చాలా వాటి రిసీవర్లు ఈ సంఖ్యల లోపలే ఉన్నాయి. వాటిని గోడకు తగిలించుకోవడానికి కొనవచ్చు, పేల్చడానికి మాత్రం కొనకూడదు. అమ్మేవాడు “మా నాన్న ముప్పై ఏళ్ళు కాల్చాడు, ఏమీ కాలేదు” అన్నా సరే.

యుద్ధం తరువాత

1945 తరువాత ఓబర్న్‌డోర్ఫ్ కర్మాగారాన్ని దాన్ని అధీనంలోకి తీసుకున్న ఫ్రెంచివారు కూల్చివేశారు. అప్పటి నుంచి కస్టమ్ పనివారు బెల్జియంలో తయారైన ఎఫ్‌ఎన్ మౌజర్ యాక్షన్ల మీదా, 1936లో వచ్చి 1964లో మార్పులకు లోనైన వించెస్టర్ మోడల్ 70 మీదా పనిచేశారు. ఈ కాలంలోనే రెండు దారులు విడిపోయాయి. ఒకటి కాలిఫోర్నియా దారి: తళతళలాడే ప్లాస్టిక్ మెరుగు, చెంప ఆన్చే చోట పైకి లేచిన వంపు, కర్రకూ బట్ కొసన బిగించే పలకకూ మధ్య తెల్లని గీతలు. నాకు ఇది పెళ్ళి మండపం అలంకరణలా కనిపిస్తుంది, నచ్చేవారికి నచ్చవచ్చు. రెండవది వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ పనివాడు ఆల్ బీసెన్ వంటివారి దారి. ఆయన రచయిత జాక్ ఒకానర్ కోసం చేసిన.270 వించెస్టర్ ఈ తీరుకు నమూనాగా నిలిచింది. స్టాక్ పైభాగం సూటిగా ఉంటుంది, నూనెతో మెరుగు పెట్టిన కర్ర, కనిపించీ కనిపించని అలంకారం.

వాడుకునేవారికి ఈ రెండవ తీరే అన్నిటికంటే అనుకూలం. కారణం టెలిస్కోప్. యుద్ధానికి ముందరి రైఫిళ్ళలో స్టాక్ వెనక భాగం బాగా కిందికి వాలి ఉంటుంది, ఎందుకంటే కన్ను గొట్టానికి దగ్గరగా ఉన్న ఇనుప సైట్ల మీద పడాలి. అలాంటి రైఫిల్‌కు టెలిస్కోప్ బిగిస్తే చెంప గాలిలో తేలుతుంది, పేల్చినప్పుడు దెబ్బ చెంపకు తగులుతుంది. ఇనుప సైట్లతోనే కాలుస్తానంటే లండన్ రైఫిల్, టెలిస్కోప్ తప్పదంటే 1950ల అమెరికా రైఫిల్: ఈ ఒక్క ప్రశ్నతోనే సగం నిర్ణయం తేలిపోతుంది.

జర్మనీ, ఆస్ట్రియా రైఫిళ్ళ గురించి క్లుప్తంగా చెప్తాను. ఓబర్న్‌డోర్ఫ్‌లోనే తయారైన మౌజర్ వేట రైఫిళ్ళు, గొట్టం చివరిదాకా కర్ర తొడిగిన మన్‌లికర్-షోనావర్, ఆస్ట్రియాలో తరతరాలుగా తుపాకీ పనికి పేరుపడ్డ ఫెర్లాహ్ ఊరి పనితనం, వీటన్నిటికీ అమెరికా మార్కెట్‌లో వాటి విలువకు తగ్గ ధర లేదు. ఒకే ధరకు బ్రిటిష్ రైఫిల్ కంటే మెరుగైన స్థితిలో ఉన్నది దొరుకుతుంది. 1903 మన్‌లికర్-షోనావర్ లోపల తిరిగే చక్రపు మ్యాగజైన్‌లో తూటాలు జారే తీరు ఒకసారి చేతితో అనుభవిస్తే మరచిపోలేరు. అయితే స్టాక్ మన భుజాలకు పొట్టిగా, వాలుగా అనిపించవచ్చు. ఆకులూ కొమ్ములూ దుప్పులూ చెక్కిన నగిషీ అందరికీ రుచించదు. నగిషీ విషయంలో ఫెర్లాహ్‌లో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన రుడాల్ఫ్ కోర్న్‌బ్రాత్ పని ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. ఆయన జంతువులు ఉక్కులో నుంచి లేచి వస్తున్నట్టు ఉంటాయి.

చేతిలోకి తీసుకున్నాక ఏమి చూడాలి

ఎవరి పేరున్నా లేకున్నా, నేను ఇప్పుడు మొదట చూసేది కర్రా ఇనుమూ కలిసే గీత. స్టాక్ చేసేటప్పుడు పనివాడు యాక్షన్‌కు దీపపు మసి పూసి, తొలిచిన కర్రలోకి నొక్కి, తీసి చూస్తాడు. మసి ఎక్కడ అంటిందో అక్కడ కర్ర ఎత్తుగా ఉన్నట్టు. ఉలితో ఆ మచ్చను మాత్రమే గీకి, మళ్ళీ నొక్కి, మళ్ళీ తీసి చూస్తాడు. ఇలా రోజుల తరబడి చేస్తే ఇనుము కర్రలోంచి మొలిచినట్టు కూర్చుంటుంది. నా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మ్యాగజైన్ పలక చుట్టూ వెంట్రుక కూడా దూరదు. చేసిన రోజున కర్ర ఇనుము కంటే గోరంత ఎత్తుగా ఉండటం మంచి పనివారి అలవాటు. ఇప్పుడు ఇనుమే కర్ర కంటే ఎత్తుగా కనిపిస్తే, ఎవరో కర్రను రుద్దేశారన్నమాట. నా లండన్ రైఫిల్‌లో అదే జరిగింది, నేను చూడలేదు.

తరువాత చెకరింగ్, అంటే చేతికి జారకుండా కర్రమీద గీసిన వజ్రాల గళ్ళు. ఇంచుకు 20 నుంచి 24 గీతలు ఉన్న చెకరింగ్ మంచి పని. ప్రతి వజ్రం మొన సూదిగా, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. అంచుల దగ్గర చూడటం ముఖ్యం. గీత హద్దు దాటి బయటికి జారితే దాన్ని కప్పిపుచ్చడానికే కొందరు వెడల్పాటి అంచు గీస్తారు. అంచు లేకుండా గీతలు హద్దు దగ్గర ఖచ్చితంగా ఆగిన చోట పనివాడి చేయి ఎంత స్థిరంగా ఉందో తెలుస్తుంది. వజ్రాలు మొద్దుబారి, వాటి మధ్య మెరుగుతైలం నిండి ఉంటే మళ్ళీ రంగు వేశారని అర్థం.

ఉక్కు నలుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మోసాలు ఎక్కువగా జరిగేది అక్కడే. పాత పద్ధతిలో గొట్టానికి ఆమ్లపు ద్రావణం పూసి, తేమగా ఉన్న పెట్టెలో పెట్టి, పలచని ఎర్రతుప్పు పట్టనిచ్చి, మరిగే నీటిలో ముంచితే తుప్పు నల్లబడుతుంది. దాన్ని సన్నని ఉక్కు పీచుతో రుద్ది మళ్ళీ మొదటి నుంచి చేస్తారు. అలా ఏడెనిమిది సార్లు చేస్తే నిండు నలుపు వస్తుంది. అది మెరవదు, పట్టు వస్త్రంలా మెత్తగా ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలం నుంచి వ్యాపించిన కొత్త పద్ధతిలో కాస్టిక్ సోడా కలిపిన మరిగే ఉప్పు ద్రావణంలో అరగంట ముంచితే చాలు, అద్దంలా మెరుస్తుంది. 1925 నాటి గొట్టం అద్దంలా మెరుస్తుంటే ఎవరో తరువాత పూత వేశారు. పూతకు ముందు యంత్రంతో రుద్దుతారు కాబట్టి చెక్కిన అక్షరాల అంచులు కరిగిపోతాయి, మరల రంధ్రాలు గిన్నెలా గుంటపడతాయి. టంకంతో కలిపిన భాగాలున్న గొట్టాన్ని ఈ ఉప్పు ద్రావణంలో ముంచితే టంకం కూడా దెబ్బతింటుంది. చేతుల వాడకం వల్ల పోయిన పాత నలుపు నాకు ఇష్టమే. బోల్ట్ పట్టుకునే చోట, ట్రిగ్గర్ చుట్టూ ఉక్కు వెండిరంగులో తేలితే అది నిజాయితీగల అరుగుదల.

గొట్టం లోపల చూడటం మరచిపోకండి. 1950ల ఆరంభం వరకు చాలా తూటాలలో వాడిన నిప్పుమందులో (తూటా అడుగున మొదట అంటుకునే మందులో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది గొట్టంలో ఉప్పులా మిగిలి, నీళ్ళతో కడగకపోతే రాత్రికి రాత్రే తుప్పు పట్టేది. బయట పెళ్ళికొడుకులా ఉండి లోపల గుంటలు పడిన గొట్టాలు ఎక్కువ. చివరగా బోల్ట్ వెనక ఇనుము తోక కర్రలో కలిసే చోటు: అక్కడ దశాబ్దాల తుపాకీ నూనె ఇంకి కర్ర నల్లబడి మెత్తబడి ఉంటుంది, దాని వెనక వెంట్రుకంత పగులు ఉందేమో దీపం పక్కనుంచి పట్టి చూడాలి. నన్ను ముంచిన పగులు అదే.

ఇన్నీ చూశాక నా సలహా ఇది. ఒక్కటే కొని అప్పుడప్పుడు కాలుస్తామనేవారు 1950, 60ల నాటి అమెరికా కస్టమ్ రైఫిల్ తీసుకోవాలి, పేరు ఉన్నా లేకపోయినా. చేతిపని చరిత్రను ఇంట్లో ఉంచుకోవాలనేవారు యుద్ధాల మధ్య కాలపు, రిసీవర్ సంఖ్య పైన చెప్పిన హద్దు కంటే ఎక్కువ ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌ను వెతకాలి. అజ్ఞాత పనివాడిదైతే తక్కువ ధరలో గ్రిఫిన్ అండ్ హోవ్‌తో సాటివచ్చేది దొరుకుతుంది. బ్రిటిష్ మ్యాగజైన్ రైఫిల్‌ను లెడ్జర్ పత్రం, ముట్టుకోని స్థితి రెండూ ఉంటేనే కొనండి; రెండిటిలో ఒకటే ఉంటే ముట్టుకోని స్థితికే నా ఓటు.

అమెరికాలో ఉన్న తెలుగువారు డబ్బు సిద్ధం చేసుకునేముందు చట్టం చూసుకోవాలి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నా, వాటిని న్యాయవాదితో ఖాయం చేసుకోకుండా ముందుకు వెళ్ళకండి. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ అడ్డంకి లేదు, రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి. భారతదేశంలో 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక వ్యక్తి లైసెన్సు మీద రెండు తుపాకులకే అనుమతి. తాతగారి నుంచి వచ్చిన పాత రైఫిల్ ఉన్నవారు దాన్ని అలాగే భద్రంగా డిపాజిట్ చేసినా సరే, బజారు పనివాడి చేతికిచ్చి మెరుగు పెట్టించవద్దు. కొనే ఉద్దేశం లేనివారు హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో, చౌమహల్లా ప్రాసాదంలో కాసేపు గడపవచ్చు. అక్కడివి చాలావరకు వేరే కాలపు ఆయుధాలైనా, ఇనుమూ కర్రా ఎలా కలిశాయో చూసే అలవాటు కంటికి అక్కడే పట్టవచ్చు.

ఇంటికి తెచ్చాక రైఫిల్‌ను మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె కర్రలోకి దిగదు. మరలను మాత్రం ముట్టుకోకండి. మంచి పనివారు మరల తలల మీది గాళ్ళన్నీ గొట్టం వెంబడి ఒకే దిశలో ఆగేటట్టు కూర్చుతారు. ఆ గాళ్ళు మామూలు స్క్రూడ్రైవర్ మొన కంటే చాలా సన్నంగా ఉంటాయి. నా స్ప్రింగ్‌ఫీల్డ్ అడుగున ముందరి మర తల మీద ఒక పక్క లేచిన చిన్న అంచు ఉంది. ఎనభై ఏళ్ళలో ఎవరూ చేయని ఆ గాయం, కొన్న వారానికి వంటింటి అరలోని స్క్రూడ్రైవర్‌తో నేను చేసినది.